అరవై మూడు మిల్లీమీటర్లు

నేల పరిశీలన ఆఫీసు, రెండో అంతస్తు
ఆగస్టు 28

వదినకి నమస్కారాలు,

నువ్వు కొండెక్కడం మొదలుపెట్టి నెల దాటింది. కాగితాలన్నీ నా బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. ఇంత కుదురైన చేతిరాత మన ఆఫీసులో ఒక్కడికీ లేదని పెద్దాయన అన్నాడు. పెద్దాయనంటే మా ఆఫీసరు. ఆయన నోట మంచిమాట రావడం అరుదు కాబట్టి దీన్ని దాచుకో.

నువ్వు రోజూ చేసే పనే అయినా, ఎందుకు చేస్తున్నావో ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. వానలకి క్వారీ కొండ నెత్తిన బీట పడింది. బీటకి అటొక ఇనుప మేకు, ఇటొక ఇనుప మేకు పాతించాం. ఆ రెండింటి మధ్య దూరం రోజురోజుకీ ఎంత పెరుగుతోందో నువ్వు కొలుస్తావు. కొండ ముందుకి జారుతుంటే దూరం పెరుగుతూ పోతుంది, నిలదొక్కుకుంటే పెరుగుదల ఆగుతుంది. ఆగుతుందని తేలితే, కింద కూలీల లైన్లలో మీ నలభై రెండు ఇళ్ళ వాళ్ళూ ఉన్నచోటే ఉంటారు. లేదంటే ఖాళీ చెయ్యాలి. ఆ మాట తేల్చాల్సింది నా లెక్క. లెక్కకి తిండి పెట్టేది నీ టేపు.

ఒక్క సంగతి. మనది వదినా మరిదుల చుట్టరికమని క్వారీ మేనేజరుకి తెలియనివ్వకు. 'వదిన కొలతలు, మరిది లెక్కలు, ఇంట్లో వండుకున్నారు' అంటాడు. కొలిచేవాళ్ళు వేరు, లెక్కగట్టేవాళ్ళు వేరు ఉండాలన్నది మా ఆఫీసు నియమం.

అన్నయ్య ఎలా ఉన్నాడు? నేనడిగానని చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళ కిందట నా లెక్క చూసే పై క్వారీ మూసేశారు, ఆయన డ్రిల్లు పని పోయింది. అప్పటినుంచీ నా పేరెత్తితే ముఖం తిప్పుకుంటాడని నాకు తెలుసు.

ఉంటాను.
నీ మరిది

*

క్వారీ లైన్లు, పందొమ్మిదో ఇల్లు
సెప్టెంబరు 6

లెక్కల మరిదికి దీవెనలు,

పెద్దాయన మెచ్చుకున్న చేతిరాతతోనే రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

పొద్దున ఆరింటికి బయల్దేరితే బీట దగ్గరికి నలభై నిమిషాలు. కింది మేకుకి టేపు కొక్కెం తగిలించి, పై మేకు దాకా బిగలాగి, మూడుసార్లు చూసి, అప్పుడు రాస్తాను. ఆఫీసు ఇచ్చిన టేపు ముసలిది. మనకి పనిబడే చోటే చిన్న గీతలు అరిగిపోయాయి, అర సెంటీమీటరు గీతలే కనిపిస్తున్నాయి. కొత్తది పంపమని మీ గుమాస్తాకి రెండుసార్లు రాశాను. అతని చెవికి ఎక్కలేదు, నువ్వైనా ఒక మాట చెప్పు.

నాకొక సందేహం. కొండ ఆగుతుందో ఆగదో లెక్కకెలా తెలుస్తుంది? మా అమ్మాయి ఎత్తు తలుపు పక్కన గోడ మీద ఏటేటా గీస్తున్నాను. ఎనిమిదేళ్ళ గీతలు చూసి లెక్కగడితే ముప్పయ్యేళ్ళకి ఇంటి కప్పు దాటాలి. దాటదని నాకు తెలుసు, గీతలకి తెలియదు. నీ లెక్కకి మాత్రం ఎవరు చెప్పారు?

మీ అన్నని అడిగితే, "కొండ వాడి దగ్గర ట్యూషన్ చదివిందా?" అన్నారు. నాలుగేళ్ళలో నీ గురించి మాట్లాడిన మొదటి మాట ఇదే. తిట్టే అయినా మాటే కదా, సంతోషించు. అలాగని ఆయన మాటా నేను నమ్మను. రాయి చప్పుడు విని కొండ మనసు చెబుతానంటారు. పోయినేడు అదే చెవితో 'ఏం కాదు' అన్న మర్నాడే కొండని తొలిచిన మెట్టొకటి కూలింది. మీ ఇంట్లో మగవాళ్ళందరికీ ఏదో ఒకటి ముందే తెలుస్తుంది.

ఇట్లు,
ఏదీ ముందు తెలియని వదిన

*

నేల పరిశీలన ఆఫీసు
సెప్టెంబరు 12

వదినా,

నీ గోడ గీతల ప్రశ్న పెద్దాయనకి చదివి వినిపించాను. చుట్టరికం చెప్పలేదులే. "ఈమెని ఇక్కడికి తెచ్చి నిన్ను అక్కడికి పంపాలి" అన్నాడు.

జవాబు చెప్తాను. పిల్ల ఎందుకు ఎదుగుతోందో, ఎందుకు ఆగుతుందో తెలియకుండా గీతలు మాత్రమే పొడిగిస్తే కప్పు దాటుతుంది, నిజమే. కొండ విషయంలో కారణం తెలుసు. వాన ఆగాక నీరు కిందికి ఇంకిపోతుంది, జారిన మట్టి ఒత్తుకుని గట్టిపడుతుంది. గట్టిపడేకొద్దీ కదలిక తగ్గుతుంది. నేను వేరే మూడు కొండల మీద చూశాను. మూడింటిలోనూ ఒకటే పద్ధతి: నిన్న ఎంత కదిలిందో అందులో పదోవంతు తగ్గించు, ఇవాళ్టి కదలిక వస్తుంది. ఒకరోజు ఇరవై మిల్లీమీటర్లు కదిలితే మర్నాడు పద్దెనిమిది, ఆ మర్నాడు పదహారూ చిల్లర. ఆ పద్దెనిమిది నుంచి ఎన్నాళ్ళు కలుపుకుంటూ పోయినా మొత్తం నూట ఎనభై దాటదు. అంటే ఆగిపోతుందన్నమాట. కావాలంటే నువ్వే ముందు లెక్కగట్టుకుని, తర్వాత కొండెక్కి సరిచూసుకో. పదో తరగతిలో లెక్కల్లో నీకొచ్చిన మార్కులు నాకు రాలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నాకు అంతుబట్టనిది ఒకటుంది. మూడు కొండలు. ఒకటి ఎర్రమట్టి, ఒకటి సున్నపురాయి, ఒకటి బొగ్గు గని చెత్త. ఒకదానికొకటి పొంతన లేదు. మూడూ ఒకే లెక్కకి ఎందుకు లొంగాలి? ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మీ కొండ నాలుగోది. ఇదీ లొంగితే ఇక అనుమానం పెట్టుకోను.

టేపు సంగతి గుమాస్తాకి చెప్పాను.

నీ మరిది

*

క్వారీ లైన్లు
అక్టోబరు 3

మరిదికి,

పదకొండు రోజుల కాగితం ఒక్కసారే పంపుతున్నాను. పోస్టు ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇంట్లో పని ఎక్కువగా ఉంది. సెప్టెంబరు ఇరవై ఒకటి నుంచి అక్టోబరు ఒకటి దాకా అన్ని అంకెలూ ఉన్నాయి.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

వదిన

*

నేల పరిశీలన ఆఫీసు
అక్టోబరు 8

వదినా,

నాలుగోదీ లొంగింది.

నీ పదకొండు రోజుల అంకెలు గ్రాఫు మీద పెట్టాను. ముందే పెన్సిల్‌తో గీసి ఉంచిన నా గీత మీద వరసగా వచ్చి కూర్చున్నాయి. ఒకటి మిల్లీమీటరు పైన, ఒకటి కింద, అంతే. పదకొండు రోజుల్లో నూట ఇరవై నాలుగు కదలాలని నా లెక్క, నూట ఇరవై నాలుగే కదిలింది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి కాసేపు నిలబడ్డాను. మట్టికీ రాయికీ అంకెలు తెలియవు, అయినా చూడు, చెప్పినట్టు నడిచాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత ఆనందం ఎప్పుడూ లేదు, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

పెద్దాయన మాత్రం కళ్ళజోడు తీసి కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "ఇంత బాగా కుదిరిందేమిటయ్యా?" అన్నాడు. ఆయనకి పాలు తెల్లగా ఉన్నా అనుమానమే.

ఇళ్ళు ఖాళీ చెయ్యక్కర్లేదని కాగితం తయారవుతోంది. ఈ మాట మాత్రం నీ నోటి నుంచి బయటికి రాకూడదు.

నీ ఉత్తరం నాలుగు ముక్కలే ఉంది. ఎప్పుడూ అలా రాయవు. అంతా బాగానే ఉందని నువ్వు రాయడం కూడా ఇదే మొదటిసారి.

నీ మరిది

*

క్వారీ లైన్లు
అక్టోబరు 17

మరిదికి,

నిన్న మన లైన్లలోకి భుజాన సంచీ వేసుకుని ఒక మనిషి వచ్చాడు. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళని, "ఆ పందొమ్మిదో ఇంటావిడ రోజూ కొండెక్కుతుందా? మీరు కళ్ళారా చూశారా?" అని అడిగాడట. మొదటింటి మామ్మ నాకు చెప్పింది. ఎదురుపడితే నాకు మాత్రం ఇళ్ళ జాబితా రాసుకోవడానికి వచ్చానన్నాడు. ఆ జాబితాలో ఒక్క ఇంటి నంబరూ లేదు, నేను తొంగి చూశాను.

పోయినవారం పంపిన ఎనిమిది రోజుల కాగితం అందిందో లేదో నువ్వు రాయలేదు. సంచీ మనిషి మాత్రం వచ్చాడు. అతన్ని పంపింది ఎవరు? పెద్దాయన పంపితే నాకు బాధ లేదు, ఆయన పనే అది. నువ్వు పంపావా? నాకు తిన్నగా చెప్పు. నా కళ్ళలోకి చూసి అడగాల్సిన ప్రశ్న కుళాయి దగ్గర అడిగించడం నీకు ఎవరు నేర్పారు?

వదిన

*

నేల పరిశీలన ఆఫీసు
అక్టోబరు 20

వదిన గారికి,

అతన్ని పంపింది నేనే. మీ కాగితాలు పరీక్షిస్తే వచ్చిన సందేహాలు ఇవి. ఆఫీసు తరఫున రాస్తున్నాను, అపార్థం చేసుకోకండి.

నిజంగా కొలిచిన అంకెల్లో చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా రావాలి. సెప్టెంబరు ఇరవై దాకా మీరు పంపిన అంకెలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తున్నాయి. ఇంట్లో కూర్చుని గుండ్రంగా రాసే అంకెలు ఇలా ఉంటాయి. టేపు అరిగిందని మీరు రాసిన మాట గుర్తుంది, కానీ అదే టేపుతో తర్వాతి పదకొండు రోజులు అన్ని అంకెలూ చక్కగా వచ్చాయి. కాబట్టి ఆ కారణం నిలవదు.

ఇక ఆఖరి ఎనిమిది రోజులు. వీటిలో చివరి అంకె రెండు, లేదా ఏడు. మూడోది లేదు. ఏ టేపూ ఇలా చెప్పదు. పైగా లెక్క ప్రకారం ఆ ఎనిమిది రోజుల్లో ముప్పై రెండు కదలాలి. మీరు డెబ్బై రాశారు. మీ అంకెలు నమ్మితే కొండ ఆగడం లేదని ఒప్పుకోవాలి. పదకొండు రోజులు మిల్లీమీటరుతో సహా లెక్క ప్రకారం నడిచిన కొండ ఒక్కసారిగా మనసు మార్చుకుందనడం కన్నా, కొలిచేవారికి శ్రద్ధ తగ్గిందనడం సబబుగా ఉంది.

అందుకని మొదటివీ చివరివీ పక్కనపెట్టి, దోషం లేని ఆ పదకొండు రోజుల మీదే నివేదిక ఇచ్చాం. ఇరవై ఏడున మేనేజరు మీ లైన్లలో కాగితం అంటిస్తాడు: ప్రమాదం లేదు, ఎవరూ కదలక్కర్లేదు, పై క్వారీ తిరిగి తెరవచ్చు. వచ్చే నెల నుంచి కొలతలకి వేరే మనిషి వస్తాడు.

ఇది రాయడం నాకు సులువుగా లేదు.

ఇట్లు,
లెక్కల విభాగం

*

క్వారీ లైన్లు
అక్టోబరు 23

మరిదీ,

ఎన్నడూ లేనిది గారు అన్నావు, మీరు అన్నావు. అంత మర్యాద మనిషిని గుమ్మం బయట నిలబెట్టేటప్పుడే చేస్తారు. నాకూ వచ్చు ఆ మర్యాద, కానీ నీకు చెయ్యను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, టేపు చూసినట్టే. మొదటిసారి ఒళ్ళు మండింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి భయం వేసింది. ఆ భయం కొద్దీ రాస్తున్నాను. మేనేజరు గదిలో ఫోను ఉంది, ఆయన పక్కన నిలబడి ఈ మాటలు చెప్పలేను.

నువ్వు దొంగ అంకెలన్నవన్నీ నేను కొండెక్కి కొలిచినవి. నువ్వు దోషం లేనివన్న పదకొండూ ఎవరూ కొలవనివి.

సెప్టెంబరు ఇరవై ఒకటి పొద్దున నాకు జ్వరం. లేవలేకపోయాను. మీ అన్న టేపు తీసి భుజాన వేసుకున్నారు. "నువ్వు పడుకో, ఆ వెధవ మేకులేవో నేనూ చూస్తా" అన్నారు. సంతకం పెట్టిన మనిషి తప్ప ఇంకెవరూ బీట దగ్గరికి వెళ్ళకూడదని మీ నియమం. వద్దన్నాను, వినలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆయన ఆ కొండెక్కడం అదే మొదలు. టేపు లాగుతూ గులకరాళ్ళ మీద జారారు. కింది మేకు పట్టుకుని వేలాడారట. చెయ్యి పట్టు తప్పి కింది మెట్టు మీద పడ్డారు. తొడ ఎముక విరిగింది. ఎంతకీ రాకపోతే నేనే వెళ్ళి చూసి, నలుగుర్ని పిలిచి దించుకొచ్చాం. రాళ్ళు ఏరుకోవడానికి వెళ్ళి పడ్డారని అందరికీ చెప్పాను. పది రోజులు పట్నం ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే ఉన్నాను.

నీకు రాస్తానంటే ఒట్టు వేయించుకున్నారు. "వాడి మేకు పట్టుకుని వేలాడానని వాడికి తెలియకూడదు" అన్నారు. అంత నొప్పిలోనూ ఆయనకి అదే పట్టింపు. నాకేమో ఉద్యోగం పోతుందన్న భయం, నీకు చెడ్డపేరు వస్తుందన్న భయం. ఆసుపత్రి వరండాలో కూర్చుని, నీ సెప్టెంబరు ఉత్తరం ముందు పెట్టుకుని, నిన్నటి దానిలో పదోవంతు తగ్గించి, పదోవంతు తగ్గించి, పదకొండు రోజుల అంకెలు రాశాను. అంతకు ముందురోజు కదిలిన ఇరవై నుంచి మొదలుపెట్టాను, పద్దెనిమిది, పదహారు. మరీ అచ్చు గుద్దినట్టు ఉంటే పట్టుకుంటావని అక్కడక్కడ ఒకటి కలిపాను, ఒకటి తీశాను. నీ గీత మీద వచ్చి కూర్చున్నది కొండ కాదు. నీ ఉత్తరమే నీకు తిరిగొచ్చింది.

అక్టోబరు రెండున మళ్ళీ ఎక్కి కొలిస్తే, నేను రాసిన అంకె కన్నా అరవై మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది. మీ అన్న బరువుకి కింది మేకు వంగిందేమో అనుకున్నాను. ఆ పూట నుంచి కొలిచిన ప్రతి అంకెలోంచీ అరవై మూడు తీసేసి రాశాను. టేపు మీద సున్నా, అయిదు కనిపిస్తే, కాగితం మీద ఏడు, రెండు. నీ రెండు, ఏడుల రహస్యం అదే. అంతేగాని ఆ ఎనిమిది రోజుల్లో డెబ్బై కదలడం నా కళ్ళతో చూసిన నిజం.

నీ పద్ధతిలో ఒక్కటి అడుగుతాను. అబద్ధాలన్నీ పాసై, నిజాలన్నీ ఫెయిలైన పరీక్ష ఏం పరీక్ష? అంకెలు కొలిచారో కల్పించారో తెలుసుకోవడానికి లెక్క వేశావు, టేపు ఎలా ఉందో చూడ్డానికి ఒక్కసారి రాలేదు. సంచీ మనిషిని పంపావు గాని నువ్వు రాలేదు. వస్తే మీ అన్న కాలు కనిపించేది.

తప్పు నాది. దాన్ని నీ నెత్తిన రుద్దడం లేదు. కానీ ఆ అరవై మూడూ మీ అన్నవో కొండవో తెలియకుండా ఇరవై ఏడున ఆ కాగితం అంటించకూడదు. కింద నలభై రెండు ఇళ్ళున్నాయి, అందులో మాదీ ఒకటి.

వదిన

*

నేల పరిశీలన ఆఫీసు
అక్టోబరు 25

వదినా,

ఇది పోస్టులో వెయ్యకుండా జీపు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ముందు ఇది విను: ఉత్తరం అందగానే ఇల్లు వదిలెయ్యండి, అందరూ. వాగు అవతలి బడి తెరిపిస్తున్నాను, ఖాళీ చేయించే ఉత్తర్వు డ్రైవరు దగ్గరుంది. మేనేజరుకి ఫోన్ చేస్తే, "ప్రమాదం లేదన్న మీ కాగితం నా బల్ల మీదే ఉంది కదండీ, ఇప్పుడేమిటి?" అన్నాడు. ఆ కాగితం అబద్ధమని చెప్పాను. ఎవరి అబద్ధమని అడిగాడు. నాదే అన్నాను.

ఊరికే మంచితనానికి చెప్పిన మాట కాదది. నీ ఉత్తరం పెద్దాయన ముందు పెట్టాను, చుట్టరికంతో సహా. ఆయన ఆ ఎనిమిది రోజుల కాగితం చూపించమన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని చూడనేలేదు, ఎందుకంటే నేను చూపించలేదు. గ్రాఫు మీద ఆ ఎనిమిది చుక్కలూ మొదట పెట్టాను వదినా. గీతకి దూరంగా, ఒకదాని కన్నా ఒకటి పైకి పోతున్నాయి. కాసేపు చూసి రబ్బరుతో తుడిచేశాను. తుడిచాక, ఎందుకు తుడిచానో చెప్పుకోవడానికి చివరి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు కొండల మీద నిజమైన మాట నాలుగోదాని మీద కాకపోవచ్చని నాకు తోచకపోలేదు. తోచినా వినదలచుకోలేదు. నిన్ను అనుమానించడం సులువైంది. నీ దగ్గరికి రావడానికి మాత్రం ముఖం చెల్లలేదు. అన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉంటాడని భయం.

కొండ జవాబిచ్చిందని మురిసిపోయాను. నా ప్రశ్నే నాకు వినిపించిందని ఇప్పుడు తెలిసింది. సిగ్గుగా ఉంది.

ఇక ఒక్క సంగతి తేలాలి. ఆ మేకుల చుట్టూ మెడ దాకా సిమెంటు పోయించాం. మనిషి బరువుకి మేకు వంగితే ఆ సిమెంటు పగలక మానదు. పగలకపోతే మేకు కదల్లేదు, ఆ అరవై మూడూ కొండవే. నువ్వు రాయని కదలిక అంతుందంటే కొండ నా లెక్క ప్రకారం నెమ్మదించడం లేదన్నమాట. చూడ్డానికి మాత్రం ఎక్కొద్దు, నా మీద ఒట్టు. అక్టోబరు రెండున నువ్వు చూసింది గుర్తున్నంత వరకు చెప్పు. సిమెంటు పగిలిందా?

నేను ఎల్లుండి వస్తున్నాను. అన్నయ్యకి చెప్పినా సరే, చెప్పకపోయినా సరే.

నీ మరిది

*

వాగు అవతలి బడి, మూడో తరగతి గది
అక్టోబరు 26

మరిదీ,

పగల్లేదు.

గుర్తు తెచ్చుకునే పని కూడా లేదు. అక్టోబరు రెండున, టేపు తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ సిమెంటు చుట్టూ వేలితో తడిమాను. వెంట్రుక వాసి బీట కూడా లేదు. మేకు నిటారుగా ఉంది. ఆ అరవై మూడూ ఎవరివో నాకు ఆ పూటే తెలుసు. మొన్నటి ఉత్తరంలో అన్నీ ఒప్పుకున్నట్టు రాసి, ఆ ఒక్కటి మాత్రం 'మీ అన్నవో కొండవో' అని దాటేశాను. నిజం చెప్పే ఉత్తరంలోనూ ఒక అబద్ధం దాచుకున్నాను. నువ్వు ఎనిమిది చుక్కలు తుడిచావు, నేను ఒక సిమెంటు దిమ్మ తుడిచాను. మనిద్దరికీ చుట్టరికం ఉందని ఇక ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకు దాచావంటే, తొడకి కట్టు వేసిన మనిషిని ఎక్కడికి మోసుకుపోనని అనుకున్నాను. ఆ పదకొండు అంకెలూ బయటపడతాయని అనుకున్నాను. పై క్వారీ తెరిస్తే ఆయనకి కాలు బాగయ్యాక పనుంటుందనీ అనుకున్నాను. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది.

నలభై ఒక్క ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను. డ్రైవరు ఉత్తర్వు చదువుతానన్నాడు. వద్దని, ప్రతి గుమ్మంలో నిలబడి, కొలవకుండా అంకెలు రాసింది నేనేనని చెప్పాను. కొందరు తిట్టారు, తిట్టనిచ్చాను. ఒకావిడ చంకలో బిడ్డని వేసుకుని, నా ముఖం మీద తలుపు వేసి, అయిదు నిమిషాల్లో మూటతో బయటికొచ్చి నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. మీ అన్నని తలుపు చెక్క మీద పడుకోబెట్టి వాగు దాటించారు. దారి పొడుగునా, "పడింది నేను, ఆవిడకేం తెలియదు" అని కనబడ్డవాళ్ళందరికీ చెబుతూ వచ్చారు. ఎవరూ నమ్మలేదు. నువ్వు వస్తున్నావని చెప్పాను. "వాడికి ఆ వాగు దాటడం రాదు, ఎవరినైనా ఎదురు పంపు" అన్నారు.

ఇది రాసేటప్పటికి కొండ అక్కడే ఉంది. బడి కిటికీలోంచి కనిపిస్తోంది. ఇవాళ పడుతుందో, పడనే పడదో నాకు తెలియదు, నీకూ తెలియదు. వచ్చాక అందరూ నిన్ను అదే అడుగుతారు. తెలియదనే చెప్పు, లెక్క చెప్పకు.

మధ్యాహ్నం మొదటింటి మామ్మ వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తిట్టలేదు. "మాకంటే తెలియదు. నీకు తెలుసు కదా. ఇన్నాళ్ళూ పిల్లని పక్కలో వేసుకుని ఆ కొండ కింద ఎట్లా పడుకున్నావమ్మా?" అని అడిగింది.

మొదట్లో నిద్ర పట్టలేదని చెప్పాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, లెక్క మిల్లీమీటరుతో సహా కుదిరిందని. అవి నేను రాసిన అంకెలేనని నాకు తెలుసు. అయినా అది చదివాక హాయిగా పడుకున్నాను.

వదిన